4కె స్క్రీన్ మీద మౌస్ పాయింటర్ చురుగ్గా కదలాలంటే

కొత్తగా 4కె మానిటర్ కొన్నవాళ్లు ముందు అక్షరాల స్పష్టత చూసి మురిసిపోతారు. కాసేపటికే మౌస్ మీద ఫిర్యాదు మొదలవుతుంది. పాయింటర్ బరువెక్కినట్టుంది, చేతితో పాటు రావట్లేదు, ఈ మూల నుంచి ఆ మూలకు తీసుకెళ్లాలంటే మౌస్‌ని మధ్యలో ఎత్తి మళ్లీ పెట్టాల్సి వస్తోంది. వెంటనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్పీడ్‌ని కుడివైపు చివరిదాకా జరిపేస్తారు. ఇప్పుడు పాయింటర్ ఎగిరెగిరి పడుతుంది, చిన్న బటన్ మీద నిలవదు, మొదటి బాధ మాత్రం పోదు.

ఎందుకంటే "పాయింటర్ స్లోగా ఉంది" అనే మాట వెనుక రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ఒకటి దూరం: పాయింటర్ చేతి వెంటే వస్తుంది కానీ స్క్రీన్ దాటడానికి చెయ్యి ఎక్కువ జరపాలి. రెండోది ఆలస్యం: చెయ్యి కదిలిన కాసేపటికి గానీ పాయింటర్ కదలదు, లేదా ముక్కలుముక్కలుగా కదులుతుంది. దూరం సంగతి మౌస్ దగ్గర చూసుకోవాలి. ఆలస్యం సంగతి చాలాసార్లు కేబుల్ దగ్గరో, డిస్‌ప్లే సెట్టింగ్ దగ్గరో తేలుతుంది. స్పీడ్ ఎంత పెంచినా ఆలస్యం తగ్గదు. ఆలస్యంగా వచ్చే పాయింటర్ ఇంకా ఎక్కువ దూరం దూకుతుంది, అంతే. కాబట్టి దేన్నీ ముట్టుకోకముందు మీది ఏ సమస్యో తేల్చుకోండి.

కింద చెప్పే మెనూలు విండోస్ 11వి. విండోస్ 10లో కూడా చాలావరకు ఇవే ఉంటాయి, పేర్లు కొద్దిగా మారతాయి.

ఏ సమస్యో తేల్చే పరీక్ష

విండోలన్నీ మినిమైజ్ చేసి ఖాళీ డెస్క్‌టాప్ మీద మౌస్‌ని వేగంగా గుండ్రంగా తిప్పండి. పాయింటర్ చేతి వెంటే వస్తూ దారంతా దగ్గరదగ్గరగా కనిపిస్తే డిస్‌ప్లే బాగానే పనిచేస్తోంది, మీది దూరం సమస్య. ఇక్కడొకటి అక్కడొకటిగా, మధ్యలో పెద్ద ఖాళీలతో కనిపించినా, చేతికి వెనకబడి వచ్చినా అది ఆలస్యం.

ల్యాప్‌టాప్‌కి మానిటర్ తగిలించి వాడేవాళ్లకు ఇంకా తేలికైన పరీక్ష ఉంది. అదే మౌస్‌తో పాయింటర్‌ని ల్యాప్‌టాప్ సొంత స్క్రీన్ మీదికి తీసుకెళ్లండి. అక్కడ చురుగ్గా ఉండి మానిటర్ మీద మాత్రమే మందకొడిగా ఉంటే మౌస్ తప్పేమీ లేదు. రెండు చోట్లా ఒకేలా తడబడుతుంటే మౌస్‌నో, దాని వైర్‌లెస్ కనెక్షన్‌నో అనుమానించండి.

మరో సంగతి. మామూలుగా పాయింటర్ బొమ్మను గ్రాఫిక్స్ చిప్ మిగతా తెర మీద విడిగా ఒక పొరలా వేస్తుంది. అందుకే కంప్యూటర్ పనిలో మునిగిపోయినా పాయింటర్ మాత్రం కదులుతూ ఉంటుంది. పాయింటర్ బాగా కదులుతూ విండో లాగినప్పుడో, వెబ్ పేజీలో మెనూ తెరిచినప్పుడో మాత్రమే ఆలస్యమైతే అది ఆ ప్రోగ్రామ్ సమస్య. క్రోమ్‌లో అయితే సెట్టింగ్స్‌లోని సిస్టమ్ విభాగంలో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఆలస్యమైతే ముందు హెర్ట్జ్ చూడండి

4కెలో పాయింటర్ ఈడ్చుకుంటోందని ఎవరైనా చెబితే నేను మొట్టమొదట అడిగేది ఇదే: రిఫ్రెష్ రేట్ ఎంత ఉంది? సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసలో వెళ్లండి. రెండు స్క్రీన్లుంటే పైన మీ 4కె మానిటర్‌ని ఎంచుకుని రిఫ్రెష్ రేట్ చదవండి. అక్కడ 30 హెర్ట్జ్ అని ఉంటే దొంగ దొరికినట్టే.

30 హెర్ట్జ్ అంటే తెర మీద బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది. ఒక్కో బొమ్మ 33 మిల్లీసెకన్లు అలాగే నిలిచి ఉంటుంది, ఈలోగా మీ చెయ్యి ఎంత కదిలినా కంటికి కనబడదు. 60 హెర్ట్జ్‌లో ఆ సమయం 17 మిల్లీసెకన్లకు, 120లో 8కి, 144లో 7కి దగ్గరగా తగ్గుతుంది. సినిమా చూసేటప్పుడు 30 హెర్ట్జ్ పెద్దగా తెలియదు. మౌస్ పట్టుకున్న చేతికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

ఆ బాక్స్‌లో 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ కనిపిస్తే ఎంచుకోండి, పని అయిపోయింది. 30కి మించి ఏదీ కనిపించకపోతే కంప్యూటర్‌కీ మానిటర్‌కీ మధ్య ఎక్కడో దారి ఇరుకైంది. 1920×1080 తెరలో సుమారు 20 లక్షల పిక్సెళ్లు, అంటే చుక్కలు ఉంటాయి. 3840×2160 తెరలో సుమారు 83 లక్షలు. అంటే పంపాల్సిన సరుకు సరిగ్గా నాలుగింతలు. ఇరుకు ఎక్కడుందో ఈ వరుసలో వెతకండి.

మొదట పోర్ట్. హెచ్‌డీఎంఐ 1.4 పోర్ట్ 4కెని 30 హెర్ట్జ్ దాకానే మోయగలదు, 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి. మన ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఇప్పటికీ నడుస్తున్న చాలా డెస్క్‌టాప్‌లలో ఇంటెల్ 6 నుంచి 10వ తరం ప్రాసెసర్లున్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే వాటి హెచ్‌డీఎంఐ మామూలుగా 1.4తోనే ఆగిపోతుంది. మదర్‌బోర్డ్ తయారీదారు అదనంగా చిప్ పెట్టి ఉంటే తప్ప 2.0 రాదు. అయితే అదే మదర్‌బోర్డ్ మీద డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అది 4కెని 60 హెర్ట్జ్‌లో హాయిగా పంపుతుంది. క్యాబినెట్ వెనక ఒకసారి చూడండి. ఒక మూల కొట్టేసినట్టుండే పోర్టే డిస్‌ప్లేపోర్ట్. మానిటర్‌కి కూడా అది ఉంటే ఒక్క కేబుల్‌తో సమస్య తీరుతుంది, కంప్యూటర్ మార్చాల్సిన అవసరమే లేదు. మానిటర్ బదులు టీవీ వాడుతూ దానికి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ 2.0కి మార్చే యాక్టివ్ (లోపల చిప్ ఉన్న) అడాప్టర్ కొనండి. డబ్బా మీద "4కె 60 హెర్ట్జ్" అని స్పష్టంగా రాసి ఉండాలి. వట్టిగా "4కె సపోర్ట్" అని ఉంటే అది 30 అయ్యే అవకాశమే ఎక్కువ.

తర్వాత కేబుల్. హెచ్‌డీఎంఐ కేబుల్ ప్యాక్ మీద "ప్రీమియం హై స్పీడ్" అని ఉంటే సెకనుకు 18 గిగాబిట్ల దాకా, "అల్ట్రా హై స్పీడ్" అని ఉంటే 48 గిగాబిట్ల దాకా మోస్తుంది. 4కె 60కి మొదటిది చాలు. 120 కావాలంటే రెండోది. సెట్‌టాప్ బాక్స్‌తో వచ్చిన పాత కేబుల్‌ని 4కె మానిటర్‌కి పెట్టి వదిలేయకండి. తెర అప్పుడప్పుడు ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తున్నా కేబుల్‌నే అనుమానించాలి.

మూడోది యూఎస్‌బీ సీ హబ్. ల్యాప్‌టాప్ వాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. ఒకే సీ పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ, కార్డ్ రీడర్, చార్జింగ్ అన్నీ ఇచ్చే చిన్న హబ్‌లు వీడియోకీ, వేగవంతమైన యూఎస్‌బీకీ వైర్లను పంచుతాయి. వీడియోకి సగం దారే మిగులుతుంది. అందుకే చవక హబ్‌లు చాలావరకు 4కె 30 దగ్గరే ఆగిపోతాయి. మీ ల్యాప్‌టాప్‌కి సొంత హెచ్‌డీఎంఐ ఉంటే హబ్ తీసేసి నేరుగా దానికి పెట్టి చూడండి. లేదంటే సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లే ఒంటి కేబుల్ ఒకటి కొనండి. వీడియోని మామూలు యూఎస్‌బీ డేటాగా మార్చి పంపే డిస్‌ప్లేలింక్ రకం డాక్‌లు ఇంకో తరహా. అవి బొమ్మను ప్రాసెసర్‌తో కుదించి పంపుతాయి కాబట్టి 60 హెర్ట్జ్ చూపించినా పాయింటర్ కొంచెం వెనకబడుతుంది. మెయిల్, ఎక్సెల్ పనికి పర్వాలేదు. ఫొటో ఎడిటింగ్ చేసే స్క్రీన్‌ని మాత్రం దానికి తగిలించొద్దని నా సలహా.

నాలుగోది మానిటర్ లేదా టీవీ సొంత మెనూ. కొన్ని పాత 4కె మానిటర్లలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ 1.1 అని ఉంటుంది, దాన్ని 1.2కి మార్చాలి. టీవీల్లో పూర్తి వేగపు సిగ్నల్‌ని మీరే అనుమతించాలి. ఆ సెట్టింగ్ పేరు శామ్‌సంగ్‌లో "ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్", ఎల్‌జీలో "హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్", సోనీలో "హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్" కింద "ఎన్‌హాన్స్‌డ్". మోడల్‌ని బట్టి మాటలు అటూఇటూ అవుతాయి. ఏ హెచ్‌డీఎంఐకి కంప్యూటర్ పెట్టారో దానికే మార్చాలని మరిచిపోకండి.

టీవీ విషయంలో ఇంకో పని మిగిలే ఉంటుంది. టీవీ బొమ్మను అందంగా చూపడానికి నాయిస్ తీస్తుంది, కదలికను నున్నగా చేస్తుంది, మధ్యలో కొత్త ఫ్రేములు తయారుచేసి కలుపుతుంది. ఇదంతా అయ్యాకే తెర మీద చూపిస్తుంది. సీరియల్ చూసేవాళ్లకు ఆ ఆలస్యం తెలియదు. మౌస్ పట్టుకున్నవాళ్లకు పాయింటర్ నీళ్లలో ఈదుతున్నట్టుంటుంది. గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఆ హంగులు చాలావరకు పక్కకు తప్పుకుంటాయి. ఇన్‌పుట్ పేరును "పీసీ" అని మార్చే వీలుంటే అదీ చేయండి, చాలా టీవీల్లో అప్పుడు అక్షరాలు కూడా పదునెక్కుతాయి.

60 హెర్ట్జ్ వచ్చాక రంగు అక్షరాల అంచులు అలికినట్టు కనిపిస్తుంటే కంప్యూటర్ సిగ్నల్‌లో రంగుల సమాచారం తగ్గించి పంపుతోందన్న మాట. తెలుగు వత్తులు, గుడుల దగ్గర ఇది ఇట్టే తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ కలర్ ఫార్మాట్‌ని ఆర్‌జీబీకి (రంగుల సమాచారం పూర్తిగా పంపే పద్ధతికి) మార్చండి. మార్చనివ్వకపోతే దారి ఇంకా ఇరుగ్గానే ఉందని అర్థం, మళ్లీ పోర్ట్ దగ్గరికే వెళ్లాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పాయింటర్ తడబడుతుంటే డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏముందో చదవండి. "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే అసలు డ్రైవరే లేదు, తెర గీసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతోంది. విండోస్ కొత్తగా వేసిన కంప్యూటర్లలో ఇది తరచూ జరుగుతుంది. ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా, మీది ఏదైతే దాని సొంత సైట్ నుంచే డ్రైవర్ దించుకోండి.

దూరమైతే మౌస్ డీపీఐ పెంచండి

మౌస్ ఒక అంగుళం కదిలితే ఎన్ని చిన్నచిన్న అడుగులు వేసినట్టు లెక్కపెడుతుందో అది డీపీఐ. తెర వెడల్పులోని పిక్సెళ్లను డీపీఐతో భాగిస్తే, స్క్రీన్ దాటడానికి చెయ్యి ఎన్ని అంగుళాలు కదలాలో వస్తుంది. 800 డీపీఐ మౌస్‌తో 1920 పిక్సెళ్లు దాటాలంటే 2.4 అంగుళాలు. అదే మౌస్‌తో 3840 దాటాలంటే 4.8 అంగుళాలు, అంటే 12 సెంటీమీటర్లు. మణికట్టు తిప్పితే అయ్యే పనికి ఇప్పుడు మోచెయ్యి కదపాలి. డీపీఐ 1600కి పెంచితే మళ్లీ 2.4 అంగుళాలకే వస్తుంది, చేతికి పాత అలవాటే సరిపోతుంది.

ఈ లెక్క విండోస్ స్పీడ్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పటిది. సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, మౌస్‌లో పాయింటర్ స్పీడ్ 10 దగ్గర పెట్టండి. కాస్త కింద చెప్పే "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" తీసేసి ఉంటే, అక్కడ మౌస్ ఒక అడుగు చెబితే పాయింటర్ ఒక పిక్సెల్ జరుగుతుంది. అంతకంటే పెంచితే విండోస్ ఆ అడుగును గుణిస్తుంది. రెండింతలు చేశారనుకోండి, పాయింటర్ రెండేసి పిక్సెళ్ల చొప్పున దూకుతుంది, మధ్య పిక్సెల్ మీద నిలవనే నిలవదు. డీపీఐ పెంచినప్పుడు మౌస్ సెన్సరే సన్నగా కొలుస్తుంది కాబట్టి వేగమూ వస్తుంది, ఖచ్చితత్వమూ పోదు. వేగం మౌస్‌లోనే పెంచి విండోస్‌ని మధ్యలో వదిలేయమని గట్టిగా చెప్పడం అందుకే.

చాలా మౌస్‌లకు చక్రం వెనక చిన్న బటన్ ఉంటుంది, నొక్కినప్పుడల్లా డీపీఐ మారుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వని ఉద్యోగులకు ఈ బటన్ పెద్ద వరం. మార్పు మౌస్‌లోనే జరుగుతుంది, అడ్మిన్ అనుమతి అక్కర్లేదు. లాజిటెక్ లాంటి కంపెనీల మంచి మౌస్‌లకు సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది, అందులో సరైన అంకె పెట్టుకోవచ్చు. 4కెకి 1600 దగ్గర మొదలుపెట్టండి, చాలకపోతే 2400 దాకా వెళ్లండి. డబ్బా మీద 16000, 25000 అని పెద్దపెద్ద అంకెలు వేస్తారు. డెస్క్‌టాప్ పనికి వాటితో ఒరిగేదేమీ లేదు. బటన్ లేని చవక మౌస్‌లు సాధారణంగా 1000 డీపీఐ దగ్గర బిగించి ఉంటాయి. వాటితో స్పీడ్ పెంచడం తప్ప దారి లేదు. ఒకటి రెండు మెట్లు మాత్రమే పెంచి ఊరుకోండి.

అదే పేజీ నుంచి అడిషనల్ మౌస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాయింటర్ ఆప్షన్స్ తెరిస్తే "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అనే టిక్ ఉంటుంది. పేరు ఖచ్చితత్వం అంటున్నా అది చేసేది వేగంతో ఆడుకోవడం. చెయ్యి గబుక్కున కదిలితే పాయింటర్‌ని ఎక్కువ దూరం పంపుతుంది, మెల్లగా కదిలితే తక్కువ. గేమ్స్ ఆడేవాళ్లు, ఫొటోషాప్‌లో గీతలు గీసేవాళ్లు దీన్ని తీసేయాలి. ఒకే కదలికకు ఎప్పుడూ ఒకే దూరం వస్తేనే చేతికి అలవాటు కుదురుతుంది. రెండు పెద్ద స్క్రీన్ల మధ్య రోజంతా తిరిగే ఆఫీసు పనికి మాత్రం ఉంచడమే మేలని నా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా ఒక వారం మార్చకుండా వాడండి, గంటకోసారి మారిస్తే చేతికి ఏదీ పట్టుబడదు. అక్కడే "డిస్‌ప్లే పాయింటర్ ట్రెయిల్స్" టిక్ ఉంటే తీసేయండి. "కంట్రోల్ నొక్కితే పాయింటర్ ఎక్కడుందో చూపించు" అనే అర్థం వచ్చే ఆఖరి టిక్ పెట్టుకోండి. 4కెలో పాయింటర్ కోసం వెతకడానికే సగం సమయం పోతుంది. యాక్సెసిబిలిటీలో దాని సైజు రెండు మెట్లు పెంచితే ఇంకా సుఖం.

వైర్‌లెస్ అయితే రిసీవర్ చోటు మార్చండి

బ్లూటూత్ మౌస్ కంటే యూఎస్‌బీ రిసీవర్ ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ మౌస్ సాధారణంగా చురుగ్గా ఉంటుంది. రెండూ ఉన్న మౌస్ అయితే రిసీవర్‌తోనే వాడండి. అయితే రిసీవర్‌ని క్యాబినెట్ వెనకాల, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పక్కన గుచ్చితే అది కూడా తడబడుతుంది. యూఎస్‌బీ 3.0 పోర్టులు, కేబుళ్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడే పాయింటర్ గెంతులేస్తోందంటే కారణం ఇదే. ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి రిసీవర్‌ని మౌస్ ప్యాడ్ దగ్గరికి లాగండి. నీలం రంగు (యూఎస్‌బీ 3.0) పోర్ట్ బదులు నల్లటి దానికి పెట్టండి. గాజు టేబుల్ మీద నేరుగా మౌస్ వాడితే సెన్సర్‌కి ఆనవాలు దొరకదు, కింద గుడ్డ ప్యాడ్ వేయండి.

పోలింగ్ రేట్ గురించి కొంచెం. మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు తన స్థానం చెబుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకోసారి. 60 హెర్ట్జ్ తెరకు అది చాలు. 144 హెర్ట్జ్ తెర మాత్రం మౌస్ చెప్పేదానికంటే ఎక్కువసార్లు మారుతుంది. కొన్ని ఫ్రేములకు కొత్త స్థానం ఉండదు, పాయింటర్ సన్నగా వణికినట్టు అనిపిస్తుంది. అలాంటి తెర ఉంటే 500 లేదా 1000 పోలింగ్ ఉన్న మౌస్ తీసుకోండి.

స్కేలింగ్ కూడా పాయింటర్ సంగతే

1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పారు. గురి చేరడానికి పట్టే సమయం దూరం పెరిగితే పెరుగుతుంది, గురి పెద్దదైతే తగ్గుతుంది. మౌస్ విషయంలోనూ ఇది నిజమే. 27 అంగుళాల 4కె తెర మీద స్కేల్ (అక్షరాలు, బటన్ల సైజు పెంచే సెట్టింగ్) 100 శాతం పెడితే 24 పిక్సెళ్ల బటన్ నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. 24 అంగుళాల మామూలు 1080 తెర మీద అదే బటన్ ఆరున్నర మిల్లీమీటర్లు. గురి చిన్నదైపోయింది కాబట్టి ప్రతి క్లిక్ దగ్గరా చెయ్యి మెల్లబడుతుంది, మనం పాయింటర్ మీద నెపం వేస్తాం. సిస్టమ్, డిస్‌ప్లేలో స్కేల్‌ని 150 శాతానికి మార్చండి. తెలుగు వత్తులు కళ్లు చికిలించకుండా చదవగలిగేది కూడా అప్పుడే.

అను ఫాంట్లతో పేజ్‌మేకర్ వాడే డీటీపీ వాళ్లకు ఇక్కడో చిక్కు వస్తుంది. అలాంటి పాత ప్రోగ్రామ్‌లో స్కేల్ పెంచినా మెనూలు చీమల్లా మిగిలిపోతే, దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, "చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్"లోకి వెళ్లండి. కింద ఉన్న "ఓవర్‌రైడ్" టిక్ పెట్టి "సిస్టమ్" ఎంచుకోండి. ప్రోగ్రామ్ మూసి తెరిస్తే బటన్లు పెద్దవవుతాయి. కొంచెం మసకగా ఉంటే "సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్" కూడా ప్రయత్నించి ఏది నయమో చూసుకోండి.

రెండు తెరల సైజులు వేరైతే పాయింటర్ అంచు దగ్గర ఇరుక్కుంటుంది. డిస్‌ప్లే పేజీలో పైన కనిపించే రెండు పెట్టెల్ని టేబుల్ మీద మానిటర్లు నిజంగా ఎలా ఉన్నాయో అలాగే లాగి సర్దండి. "మల్టిపుల్ డిస్‌ప్లేస్" కింద "ఈజ్ కర్సర్ మూవ్‌మెంట్" టిక్ పెట్టండి.

మాక్, లినక్స్ వాళ్లకు

దారి అదే, మెనూలు వేరు. మాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, డిస్‌ప్లేస్‌లో రిఫ్రెష్ రేట్ చూడండి. సీ హబ్ పెట్టిన మాక్‌లలోనూ 30 దగ్గర చిక్కుకోవడం మామూలే. మౌస్ పేజీలో ట్రాకింగ్ స్పీడ్ ఉంటుంది. కొత్త వెర్షన్లలో అడ్వాన్స్‌డ్ నొక్కితే పాయింటర్ యాక్సిలరేషన్ (విండోస్‌లోని "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" లాంటిది) ఆపే స్విచ్ కూడా దొరుకుతుంది. ఉబుంటులో సెట్టింగ్స్, డిస్‌ప్లేస్‌లో రిఫ్రెష్ రేట్, మౌస్ పేజీలో యాక్సిలరేషన్ ఉంటాయి. లినక్స్‌లోని మరో డెస్క్‌టాప్ కేడీఈలో యాక్సిలరేషన్ లేని సెట్టింగ్‌ని "ఫ్లాట్" ప్రొఫైల్ అంటారు.

చివరిగా ఒక జాగ్రత్త: గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయినా, కేబుల్ తీసి వేరే పోర్ట్‌కి పెట్టినా, బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ నడిచినా రిఫ్రెష్ రేట్ చెప్పకుండా కిందికి జారవచ్చు. నిన్నటిదాకా బాగున్న పాయింటర్ ఇవాళ బరువెక్కితే మౌస్ బ్యాటరీ మార్చేముందు అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీ ఒకసారి తెరిచి చూడండి.